హోషేయ గారికి చెప్పని మాట

మొన్న వేసవిలో ఒక జర్మన్ అమ్మాయి మా ఇంటికి వచ్చింది. పేరు కాత్రిన్. వాళ్ల నాన్న ఊవె నాకు చిన్నప్పుడు తెలుసు. ఆయన పోయాక సామాన్లు సర్దుతుంటే అమెరికాలో అరోరా అనే ఊళ్లోని మా పాత ఇంటి అడ్రసు దొరికిందట. ఆ అడ్రసు పట్టుకుని మా తెలుగు చర్చి వాళ్లను అడిగి, వాళ్ల ద్వారా నన్ను పట్టుకుంది. ఈ కాలం పిల్లలకు మనుషుల్ని వెతకడం పెద్ద పనేం కాదు. టీ ఇచ్చి, కాస్త కారప్పూస పెట్టాను. ఆ పిల్ల కారప్పూస నములుతూనే సంచిలోంచి పెద్ద నల్ల రికార్డు తీసి బల్ల మీద పెట్టింది. అట్ట మీద సూటు వేసుకుని, టోపీ పెట్టుకుని, వంటింటి కుర్చీలో గిటారుతో కూర్చున్న నల్లాయన బొమ్మ. మా కింది వాటా హోషేయ గారు. "ఈ రికార్డు మా ఊళ్లో మళ్లీ విడుదల చేశాం. ఆఖరి పాట వెనకాల ఎవరో పాడుతున్నారు. ఒకాయన అది ఆఫ్రికా భాష అంటాడు, ఇంకొకాయన లూసియానా పల్లెల యాస అంటాడు. మీరు అదే ఇంట్లో ఉండేవాళ్లు కదా, మీకేమైనా తెలుసా?" అని అడిగి, ఫోన్లో ఆ పాట పెట్టింది.

ముందు గిటారు వినిపించింది. తర్వాత పైకప్పు అవతలి నుంచి, పల్చగా, కాస్త శ్రుతి తప్పిన మగగొంతులు, వాటన్నిటి మీదా ఒక ఆడగొంతు. అది మా అమ్మ గొంతు. అమ్మ పోయి కొన్నేళ్లయింది. ఫొటోలు డబ్బాల నిండా ఉన్నాయి గానీ, ఆమె పాడిన పాట ఒక్కటీ మా దగ్గర లేదు. ఎక్కడో జర్మనీలో, ముక్కూ మొహం తెలియని వాళ్లందరి ఇళ్లలో ఉందన్న మాట ఇన్నేళ్లూ. "అది ఆఫ్రికా కాదమ్మా, తెలుగు. మా ప్రార్థన కూడికలో పాడుకునే కీర్తన. ఆ పాడేది మా అమ్మ" అని చెప్పాను. ఆ పిల్ల కళ్లు పెద్దవి చేసుకుని రాసుకుంది. రాసుకున్నాక అసలు సంగతి అడిగింది. "ఆయన్ని చివరిసారిగా మా దేశం పిలిచారు. హాళ్లు కూడా బుక్ చేశారు. ఆయనకీ రావాలని ఉంది. మరి ఎందుకు రాలేదు? మా నాన్నకి పోయేదాకా అది అర్థం కాలేదు." ఒంట్లో బాగాలేదమ్మా అని పైపైన ఏదో చెప్పి పంపించాను. అతిథిగా వచ్చిన పిల్లతో అంతకంటే ఏం చెప్పను? కానీ ఆ రాత్రి నుంచీ నాకు మనసు మనసులో లేదు.

మేం ఉన్నది ఊరికి తూర్పు వైపు, రైలు పట్టాలకు దగ్గరగా. ఇప్పుడు అరోరా అంటే అందరికీ పడమటి వైపు పెద్ద పెద్ద ఇళ్లు, గుడి, ఇండియన్ గ్రోసరీలు గుర్తొస్తాయి. అప్పుడు అవేమీ లేవు. పెంకులూడుతున్న చెక్క ఇల్లు, పైన మేం, కింద హోషేయ క్రెన్షా గారు, ఆయన కూతురు లోరెయిన్. ఇల్లు వాళ్లది. మెట్లకు తలుపు లేదు కాబట్టి వాసనలన్నీ ఉమ్మడి. మా చేపల పులుసు వాళ్ల పరుపుల్లోకి పోయేది, వాళ్లు పంది ఎముక వేసి గంటల తరబడి ఉడికించే ఆకుకూర వాసన మా పుస్తకాల్లోకి వచ్చేది. అమ్మ గోదావరి జిల్లాలో మిషన్ ఆస్పత్రిలో నర్సు చేసి, ఆ ఉద్యోగం మీదే మమ్మల్ని ఇక్కడికి తెచ్చింది. నాన్న అక్కడ బడిపంతులు, ఇక్కడ ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో బోల్టులు బిగించేవాడు. ఆ రోజుల్లో ఫ్యాక్టరీ వాళ్లు ఎప్పుడు ఎవరిని తీసేస్తారో తెలియదు, నాన్నను రెండుసార్లు తీసేసి మళ్లీ పిలిచారు. పని లేని రోజుల్లో నాన్న పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని కిటికీ దగ్గర కూర్చునేవాడు. అమ్మ డ్యూటీ నుంచి రాగానే మెట్ల కిందే తెల్ల బూట్లు విప్పేసి, డెట్టాల్ వాసనతో పైకెక్కి, మొహం కూడా కడుక్కోకుండా పొయ్యి వెలిగించేది. ఆ ఇంట్లో నవ్వులు లేవని కాదు, ఉన్నాయి గానీ తక్కువ.

ఆదివారం మధ్యాహ్నం మా ముందుగదిలో తెలుగు కూడిక. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే నాలుగైదు కుటుంబాలు, తబలా లేదు, హార్మోనియం లేదు, చప్పట్లే తాళం. అమ్మ ఎత్తుకునేది, మిగతా వాళ్లు అందుకునేవాళ్లు. కొన్నాళ్లకు నేల కింద నుంచి గిటారు వినిపించడం మొదలైంది. హోషేయ గారు మా కీర్తన ఏ శ్రుతిలో ఉందో వెతుక్కుని, కింద కూర్చుని దానికి జతగా వాయించేవాడు. నాన్నకు కోపం వచ్చేది. "దేవుని పాటకు ఆ లోక సంబంధమైన వాయింపేమిటి?" అనేవాడు. అమ్మ మాత్రం గొంతు కాస్త పెంచి, ఆయనకు అందేలా సాగదీసి పాడేది. తమాషా ఏమిటంటే కింద లోరెయిన్ కూడా అచ్చం నాన్న మాటే అనేది. ఆమె వాళ్ల చర్చిలో తెల్ల గౌను, తెల్ల చేతితొడుగులు వేసుకుని వచ్చినవాళ్లను కూర్చోబెట్టే మనిషి. తండ్రి గిటారు ముట్టుకుంటే చాలు, "నాన్నా, ఆ దెయ్యం పాటలు ఈ ఇంట్లో వద్దు" అనేది. ఒకరి మొహం ఒకరు సరిగ్గా చూసుకోని నాన్నా, లోరెయినూ ఆ ఒక్క విషయంలో ఒకే చర్చి.

ఆయనకు హోషేయ అన్న పేరు మేం పెట్టుకున్నదే. బైబిల్లో ఉన్న ఆ ప్రవక్త పేరును ఇంగ్లీషు వాళ్లు హోసియా అంటారు, మాకు నోరు తిరగక కాదు, అలా పిలిస్తే మనవాడిలా ఉంటాడని. ఆయన పుట్టింది మిసిసిపిలో, పత్తి చేలల్లో. కుర్రతనంలో ఇటొచ్చి, నది ఒడ్డున ఉన్న ఎత్తు హోటల్ పై అంతస్తులో మొదటి రికార్డు ఇచ్చాడట. సరుకులు ఎక్కించే లిఫ్టులో పైకి పంపారట, పాడాక అందులోనే దింపారట. తర్వాత పాటలు ఎవరికీ పట్టలేదు. ఇనుము కరిగించే ఫౌండ్రీలో బతుకంతా పనిచేసి, ఊపిరితిత్తులు పాడుచేసుకుని రిటైర్ అయ్యాడు. మా వీధిలో ఆయన్ని గిటారు మనిషిగా ఎరిగినవాడు ఒక్కడూ లేడు. షుగర్ ఉన్న ముసలాయన, ఎండాకాలం వెనక మెట్ల మీద కూర్చుంటాడు, అంతే.

ఆ వెనక మెట్ల మీద అమ్మ చేపలు తోముతుంటే, యూరప్ వాళ్లు తనను పాడడానికి పిలిపించుకున్నప్పటి కబుర్లు ఆయన చెప్పేవాడు. అమ్మను మిస్ రూత్ అనేవాడు. అవి ఇంగ్లీషులో చెప్పినవే, నాకు మాత్రం తెలుగులోనే గుర్తున్నాయి.

"మిస్ రూత్, మొదటిసారి జర్మనీలో స్టేజి ఎక్కాను. ఇక్కడ మనం పాడితే జనం తాగుతారు, అరుస్తారు, డాన్సు చేస్తారు. అక్కడ హాలు నిండా మనుషులు, సూట్లు, టైలు, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. దగ్గు కూడా లేదు. పాట అయ్యాక కూడా చప్పుడు లేదు. అయిపోయింది, వీళ్లకి నచ్చలేదు, మనల్ని వెనక్కి పంపించేస్తారు అనుకున్నా."

"మరి?" అంది అమ్మ పొలుసు గీకుతూ.

"తర్వాత లేచారు. అందరూ. చప్పట్లు ఆపరే! వాళ్లు అప్పటిదాకా వింటున్నారు, మిస్ రూత్. నన్నెవరూ అలా వినలేదు, మా ఆవిడతో సహా. బయట కుర్రాళ్లు నిలబడి ఉన్నారు, జుట్టు ఇంతింత, నా వేళ్లు పట్టుకుని చూశారు. ఏ తీగ ఎలా నొక్కానో చెప్పమన్నారు. ఒకడు ఏడ్చాడు కూడా. ఒక హోటల్లో ముందు తలుపు లోంచి తీసుకెళ్లారు. సంచీ కూడా వాళ్లే మోశారు."

ఆ ముందు తలుపు సంగతి ఆయన ఎన్నిసార్లు చెప్పాడో. లోరెయిన్ వినబడితే లోపలి నుంచి, "అయిందా గొప్పలు? మాత్ర వేసుకో" అనేది. ఆమె ఆ మాటలు ఒక్కటీ నమ్మలేదు. నమ్మేదాన్ని నేనే, దానికీ కారణం ఉంది. బడి బస్సులో డ్రైవరు రేడియో పెట్టేవాడు. ఒకరోజు ఇంగ్లండు నుంచి వచ్చిన ఏదో బ్యాండు పాట వస్తోంది, అందరూ ఊగిపోతున్నారు. విన్నాను కదా, అది హోషేయ గారు పెరట్లో వాయించే పాటే. అదే మలుపు, అదే విరుపు, కాకపోతే కరెంటు గిటార్లు, పెద్ద డప్పులు. "ఇది మా కింది ఇంటి అంకుల్ పాట" అన్నాను. బస్సంతా విరగబడి నవ్వింది. ఇండియా పిల్లకి ఏం తెలుసు అన్నారు. ఇంటికొచ్చి ఏడుస్తూ చెబితే ఆయన నవ్వలేదు, కోపం తెచ్చుకోలేదు. "ఆ కుర్రాళ్లు ఇంగ్లండులో నా దగ్గర కూర్చుని నేర్చుకున్నారు, బేబీ గర్ల్. బాగానే వాయిస్తున్నారు. కనీసం వాళ్లకి గుర్తుంది" అన్నాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఇక్కడి పాట సముద్రం దాటి వెళ్లి, అక్కడి నుంచి తెల్లవాడి మొహంతో తిరిగొస్తే తప్ప మా ఊరికి వినబడదు. ఈ మాట అనడానికి నాకిప్పుడు భయమేం లేదు.

ఊవె వచ్చింది ఆ తర్వాతి వేసవిలో. సన్నగా, పొడుగ్గా, పోస్టాఫీసు గుమాస్తా. కుర్రవాడిగా ఉన్నప్పుడు ఆ హాల్లో కూర్చుని విన్నాడట, ఆ రోజు నుంచీ ఈయనే లోకం. సెలవు పెట్టుకుని, పెద్ద టేపు రికార్డరు మోసుకుని మా ఊరు దిగాడు. ఆదివారమే కుదిరింది, లోరెయిన్ చర్చికి వెళ్లే రోజు కాబట్టి. హోషేయ గారు తన వంటింట్లో తనే అతిథిలాగా సూటు వేసుకుని, టోపీ పెట్టుకుని, జర్మనీలో కొన్న నల్ల బూట్లు తుడుచుకుని కూర్చున్నాడు. పైన మా కూడిక మొదలైంది. ఊవె పైకి వచ్చి పాట ఆపమని అడగబోతే ఆయనే చెయ్యి పట్టుకుని ఆపాడట. మా కీర్తనకు జతగా వాయించి, అందులోంచే తన పాటలోకి దిగాడు. అదే ఆ ఆఖరి పాట. వెళ్లేముందు ఊవె చెప్పాడు, అక్టోబరులో మళ్లీ రండి, నాలుగైదు ఊళ్లు, అన్నీ మేమే చూసుకుంటాం అని. హోషేయ గారు అప్పటికప్పుడు ఒప్పుకున్నాడు. ఆ నెల్లాళ్లూ ఆయన నడకే మారిపోయింది. పొద్దున్నే లేచి వేళ్లు సాధన చేసేవాడు, లోరెయిన్ అరిచినా ఆపేవాడు కాదు. "ఒక్కసారి, మిస్ రూత్. ఆ హాల్లో ఇంకొక్కసారి కూర్చుంటే నాకింకేం వద్దు" అన్నాడు.

ఆగస్టులో అమ్మ ఆయన బూటు చూసింది. ఎడమ బూటు పక్కన బ్లేడుతో కోసి ఉంది. అంత ముద్దుగా చూసుకునే జర్మనీ బూటును కోశాడంటే అమ్మకు అనుమానం వచ్చి, విప్పండి అంది. విప్పనన్నాడు. అమ్మ మెట్ల మీద కూర్చుని తనే విప్పింది. చిటికెన వేలు నల్లగా ఉంది, పక్క వేలు కూడా మొదలైంది. ఆ వాసనకు నేను ముక్కు మూసుకుంటే అమ్మ కన్నెర్రజేసింది. చెయ్యి వేసి పాదం మీద నాడి కోసం చాలాసేపు వెతికింది. దొరకలేదని ఆమె మొహం చూస్తేనే తెలిసింది. కానీ ఆయనతో ఏమంది? "కాస్త చీము పట్టింది, అంతే. కట్టు కడతాను" అంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వైపు ఆస్పత్రుల్లో రోగికి రోగం చెప్పరు. డాక్టరు గుమ్మం అవతలికి కొడుకునో అల్లుణ్నో పిలిచి చెబుతాడు. వాళ్లు కళ్లు తుడుచుకుని, మొహం కడుక్కుని లోపలికొచ్చి, ఏం లేదట, నీరసమట, నాలుగు రోజుల్లో లేచి తిరుగుతావట అంటారు. దాన్ని ధైర్యం చెప్పడం అంటాం. అలా కాక నిజం చెప్పేసేవాడు కసాయివాడి కింద లెక్క. అమ్మ ఆ పద్ధతిలో చదువుకుంది, ఆ పద్ధతిలోనే ఎందరికో చివరి గంటల్లో గ్లాసుతో నీళ్లు పట్టింది. అమెరికా ఆస్పత్రిలో డాక్టర్లు మనిషి మొహం మీదే చెప్పేస్తుంటే ఇంటికొచ్చి నాన్నతో అనేది, "వీళ్లకి కడుపులో పేగులుండవా? నీకింత టైమే ఉందని బస్సు టైము చెప్పినట్టు చెప్పేస్తారు" అని. అందుకని ఆ సాయంత్రం లోరెయిన్‌ను మా వంటింట్లోకి పిలిచింది. నేను అక్కడే బల్ల దగ్గర హోమ్‌వర్క్ చేసుకుంటున్నాను.

"కాలు ఉండదమ్మా. ఆస్పత్రిలో చూపించాల్సిందే, కానీ చూపించినా కాలు ఉండదు. గుండె కూడా బాగాలేదు, కాళ్లవాపు చూశావుగా. ఆపరేషన్ తట్టుకుంటే తట్టుకుంటారు. ఏడాది గడుస్తుందని నేననుకోను."

లోరెయిన్ తెల్ల చేతితొడుగులు ఒళ్లో పెట్టుకుని నలుపుతూ కూర్చుంది. "ఆయనకి చెబుతారా?" అంది.

"ఎందుకమ్మా చెప్పడం? మనసు విరిగిపోతుంది. నేను నచ్చజెప్పుకుంటాను."

"ఆ జర్మనీ?"

"వచ్చే వసంతంలో వెళ్దురుగాని, ఈలోపు నయం చేసుకోండి అంటాను."

లోరెయిన్ తల ఊపింది. ఆమెకు ఆ ప్రయాణం ఎలాగూ ఇష్టం లేదు. ఇద్దరాడవాళ్లూ కలిసి మంచి మనసుతోనే ఆ మాట అనుకున్నారు. ఎవరికైనా చెడ్డ బుద్ధి ఉంటే తిట్టుకోవచ్చు, ఇక్కడ తిట్టడానికి ఎవరూ లేరు.

అమ్మ కిందికి వెళ్లి ఆయన మంచం పక్కన కూర్చుని చెప్పింది. "మిస్టర్ క్రెన్షా, ఈ పుండు మానడానికి రెస్ట్ కావాలి. కాలు కింద పెట్టొద్దు. ఆస్పత్రికి వెళ్లి మందులు తెచ్చుకుందాం. అక్టోబరు వదిలేయండి. వసంతానికి లేచి తిరుగుతారు." ఆయన ఆమె కళ్లలోకి చూశాడు. "నిజం చెబుతున్నావా, మిస్ రూత్?" అన్నాడు. అమ్మ "నేను నర్సుని" అంది. ఆయన నమ్మాడు. ఆ రాత్రే మంచం మీంచే జర్మనీకి ఫోన్ చేశాడు. "వసంతంలో వస్తాను, హాలు అలాగే ఉంచండి" అని గట్టిగా అరిచి చెప్పాడు, దూరం కదా అని.

ఆకులు రాలే కాలమంతా ఆయన మంచం మీద పడుకున్నాడు. ఎవరు చెప్పినా వినని మనిషి అమ్మ మాట విని, కాలు దిండు మీద పెట్టుకుని, గిటారు పొట్ట మీద పెట్టుకుని పడుకున్నాడు. ఆస్పత్రికి ఇవాళ రేపు అంటూ దాటేశాడు, పోనివ్వండి, రెస్ట్ అన్నారుగా అనేవాడు. అమ్మ రోజూ కట్టు మార్చింది. నలుపు పాదం దాటింది. ఒకరోజు జ్వరంతో పలవరిస్తుంటే అంబులెన్స్ పిలిచారు. స్పృహ వచ్చాక సర్జన్ మంచం పక్కన నిలబడి, మోకాలి పైదాకా తీసేస్తున్నాం అని చెప్పి, ఇది మీ వాళ్లకు వేసవి నుంచే తెలుసు కదా అన్నాడు. లోరెయిన్ ఆ సర్జన్‌తో అన్నీ చెప్పిందట పాపం, దాచాలని ఆమెకు తోచలేదు.

కాలు తీసేసి ఆయన్ని ఇంటికి పంపాక అమ్మ కట్టు మార్చడానికి వెళ్లింది. గాజుగుడ్డ పట్టుకోవడానికి నేనూ వెళ్లాను. హోషేయ గారు కిటికీ వైపు చూస్తూ అడిగాడు.

"మిస్ రూత్, నీకు తెలుసా?"

"తెలుసు."

"బూటు విప్పించిన రోజునే?"

"ఆ రోజునే." అమ్మ చేతులు ఆగిపోయాయి. "మీరు భయపడతారని చెప్పలేదు."

"నేను మిసిసిపిలో పుట్టాను. భయం నాకు కొత్తా?" గొంతు పెంచలేదు. "చెప్పుంటే ఆ కాలితోనే వెళ్లేవాణ్ని. కూర్చునే కదా వాయించేది."

"అక్కడే పోయేవారు, మిస్టర్ క్రెన్షా."

"పోయేవాణ్ని. నన్ను వినేవాళ్ల మధ్య పోయేవాణ్ని. నాకింకా నడిచే కాలు ఉన్న నెలలు అవి. వాటిని నాతో మంచం మీద ఖర్చు పెట్టించావు. కాలు ఎలాగూ పోయేదే. ఆ హాలు కూడా పోగొట్టావు."

అమ్మ కట్టు పూర్తి చేసింది. చేతులు కడుక్కుని పైకి వచ్చి, బియ్యం ఏరుతూ కూర్చుంది. ఏరాల్సిన బియ్యం కావవి, ప్యాకెట్ బియ్యం. ఆ తర్వాత కూడా రోజూ వెళ్లేది. ఆయన వద్దనలేదు, థాంక్యూ అనేవాడు, కానీ మొహం కిటికీ వైపే. గిటారు మూల నిలబడి ఉండేది. ఆదివారాలు మేం పాడితే కింద నుంచి ఏమీ వచ్చేది కాదు. అమ్మ గొంతు పెంచి చూసింది కొన్నాళ్లు, తర్వాత మానేసింది. మంచు పడుతుండగా ఆయన నిద్రలోనే పోయాడు.

అంత్యక్రియలు లోరెయిన్ వాళ్ల చర్చిలో పెట్టారు. పాస్టరు ఆయన కష్టజీవి అన్నాడు, ఫౌండ్రీలో అన్నేళ్లు పనిచేశాడన్నాడు, కూతుర్ని దేవుని బిడ్డగా పెంచాడన్నాడు. పాట అన్న మాటే రాలేదు. లోరెయిన్ వద్దందట. పొరుగువాళ్లు కూడా ప్రార్థన చేయొచ్చు అంటే నాన్న లేచాడు. మా నాన్న, లోక సంబంధమైన వాయింపు అని తిట్టిన మనిషి, అంతమంది మధ్య తెలుగులో ప్రార్థన చేశాడు. "ప్రభువా, ఈయన చేతులు ఖాళీగా ఉంచకు. ఏదో ఒక వాయిద్యం ఇప్పించు" అన్నాడు. అక్కడ అది అర్థమైంది మా ముగ్గురికే. అమ్మ తల ఎత్తలేదు.

తర్వాతి వేసవిలో ఊవె వచ్చాడు. వసంతంలో హాలు రద్దు చేయలేదట. టిక్కెట్లు కొన్నవాళ్లెవరూ వెనక్కి ఇవ్వలేదట. స్టేజి మీద ఖాళీ కుర్చీ వేసి, టేపు పెట్టారట. జనం అలాగే చేతులు ఒళ్లో పెట్టుకుని మొదటి పాట నుంచి ఆఖరి పాట దాకా విన్నారట. ఇదంతా మా వంటింట్లో చెప్పాడు, లోరెయిన్ కూడా ఉంది.

"నాన్న కోసమా? అంతమంది? డబ్బు పెట్టి వచ్చారా?" అని అడిగింది ఆమె. ఊవె అవునన్నాడు. "ఆయన చెప్పేవాడు. గొప్పలు అనుకున్నా" అని మొహం చేతుల్లో పెట్టుకుంది.

"ఆఖరి పాట కూడా వేశారా?" అంది అమ్మ.

"వేశాం. మీ గొంతు చాలా బాగా వినబడింది. అందరూ అడిగారు, ఎవరది అని."

అమ్మ లేచి బాత్రూమ్‌లోకి వెళ్లి నల్లా తిప్పింది. నీళ్లు చాలాసేపు పోతూనే ఉన్నాయి. ఆయన వెళ్లాల్సిన హాల్లోకి ఆయన బదులు ఆమె గొంతు వెళ్లింది. ఆమెకు అంతకంటే పెద్ద శిక్ష ఎవరూ వేయలేరు. ఆ తర్వాత కూడికలో పాట వేరేవాళ్లు ఎత్తుకునేవారు, అమ్మ పెదాలు కదిపేది, అంతే. ఎందుకని ఎవరైనా అడిగితే గొంతు పోయిందండీ అనేది.

మర్నాడు కాత్రిన్‌ను మళ్లీ పిలిచి ఆ పాత వీధికి తీసుకెళ్లాను. ఇల్లు లేదు, ఆ స్థలంలో ఎవరో టైర్లు అమ్ముతున్నారు. టైర్ల షాపు కుర్రాణ్ని అడిగితే హోసియా క్రెన్షా ఎవరు అన్నాడు. కాత్రిన్ వాళ్ల ఊళ్లో మాత్రం ఏటా ఒక రోజు ఆయన పాటలే పాడుకుంటారట, చిన్నపిల్లలు కూడా. మా మనవడి గిటారు తీసుకుని ఆ పిల్ల నాకు ఒకటి పాడి వినిపించింది. జర్మన్ నాలుక, కానీ ఆ మలుపు, ఆ విరుపు ఆయనవే. ఇప్పుడు మా తెలుగు చర్చికి సొంత బిల్డింగ్ ఉంది, కీబోర్డు ఉంది, డ్రమ్సు ఉన్నాయి, తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు పాట వస్తుంది. పిల్లలు చక్కగానే పాడతారు. నేల కింద నుంచి జత వాయించేవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

అమ్మకు కడుపులో గడ్డ అని తెలిసినప్పుడు నాన్న అప్పటికే లేడు. డాక్టరు మన తెలుగమ్మాయే, పక్క ఊరు నేపర్‌విల్‌లో పుట్టి పెరిగింది. మనవాళ్ల పద్ధతి తెలిసిన పిల్ల కదా, మర్యాదకి నన్ను కారిడార్‌లోకి పిలిచింది. "ఆంటీ, స్కాన్ రిజల్ట్స్ నాట్ గుడ్. అమ్మమ్మగారికి మనం చెప్పాలా, వద్దా? మా పేరెంట్స్ ఫ్రెండ్స్ చాలామంది చెప్పొద్దు అంటారు. మీరు డిసైడ్ చేయండి" అంది. నేను లోపలికి వెళ్లాను. అమ్మ మంచం మీద లేచి కూర్చుని ఉంది.

"బయటికి పిలిచినప్పుడే తెలిసిందిలే. నేను పిలిచినన్ని సార్లు ఎవరు పిలిచి ఉంటారు? అయినా చెప్పు. నోటితో చెప్పు" అంది.

చెప్పాను. ఎన్నాళ్లో కూడా చెప్పాను. అమ్మ దుప్పటి అంచు సరిచేసుకుంది. ఏడవలేదు. "నాకు చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే సుగుణా. నేను వెళ్లాల్సిన చోటేం లేదు. ఆయనకి ఉంది. హాలు నిండా మనుషులు కూర్చుని ఉన్నారు ఆయన కోసం" అంది.

అప్పటికి డాక్టరమ్మాయి కూడా లోపలికి వచ్చి నా వెనక నిలబడింది. అమ్మ ఆ పిల్లను దగ్గరికి రమ్మని చెయ్యి పట్టుకుంది.

"ఇంకెప్పుడూ ఎవర్నీ బయటికి పిలవకు తల్లీ. ముందు మంచం మీదున్న మనిషికి చెప్పు. చెప్పి, ఎక్కడికైనా వెళ్లాల్సి ఉందేమో అడుగు" అంది.